ఆయ్ అన్నాను గానీ ఒప్పుకోలేదు

మా కోనసీమలో "ఆయ్" అనే మాట ఒకటుంది. అంతా కలిపి రెండక్షరాలు. దాని వల్ల నాకు పెళ్ళి కాబోయి, వెంట్రుకవాసిలో తప్పింది.

పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మనం మధ్యమధ్యలో "ఆయ్" అంటూ ఉండాలి. అనకపోతే పిల్లకి పొగరనుకుంటారు. "ఈసారి కోతలు ఆలస్యమమ్మా." "ఆయ్." "మీ నాన్నగారు ఇంటి దగ్గరున్నారా?" "ఆయ్, ఉన్నారండి." అంటే, మీ మాట నా చెవిన పడిందండి అని. అవునండి, ఒప్పుకున్నానండి అని కూడా. రెండింటికీ అదే మాట. ఏది ఏదో గొంతు విని పోల్చుకోవాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి అదేం బ్రహ్మవిద్య కాదంటారు. ఏడ్చినట్టుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మా వాళ్ళే నా విషయంలో బొక్కబోర్లా పడ్డారు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తొంభైల చివర. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. కాస్త వరి, కాస్త కొబ్బరి. నేను డిగ్రీ అయ్యాక రోజూ బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద పెళ్ళికార్డులు కంపోజ్ చేసేదాన్ని. మాఘమాసం వచ్చిందంటే రోజుకి పదిమందికి పెళ్ళి చేసేదాన్ని. "చి.ల.సౌ." అని కొట్టీ కొట్టీ ఆ మూడు మీటలూ అరిగిపోయాయి. "నీ కార్డు మాత్రం నువ్వే కంపోజ్ చేసుకోవాలమ్మాయ్" అని మా ఓనరుగారు అస్తమానం నవ్వేవారు. నేనూ పళ్ళు ఇకిలించేదాన్ని. లోపల మాత్రం గుండెల్లో రాయి పడేది.

నాకు మగవాళ్ళ మీద మనసు పోదని పద్నాలుగేళ్ళకే తెలుసు. క్లాసులో ఆడపిల్లలందరూ మగపిల్లల బెంచీల వైపు ఓరచూపులు చూస్తుంటే, నేను నా ముందు కూర్చున్న అమ్మాయి జడ వైపు చూసేదాన్ని. దానికి పేరేమిటో తెలియకపోయినా సంగతి తెలుసు. నన్ను తికమకపెట్టింది అది కాదు, రెండోది. నవలల్లో ప్రేమ పుట్టగానే ఒంట్లో ఏవేవో పుడతాయి కదా, జలదరింపనీ, ఆవిర్లనీ, నా తలకాయనీ! నాకేమీ పుట్టేవి కావు. మగాడి మీద పుట్టలేదంటే సరే. ఆ జడ అమ్మాయి మీదా పుట్టలేదు. ఆమె పక్కన కూర్చోవాలి, ఆమె చెప్పే కబుర్లు వినాలి, ఆమె ఇంకెవరితోనైనా ఎక్కువ నవ్వితే నాకు అన్నం సహించేది కాదు. అక్కడితో సరి. ఆ పైన ఏమీ లేదు. అయితే ఇది ప్రేమ కూడా కాదేమో, నేను ఇటూ కాను అటూ కానేమో అని దిగులు పట్టుకుంది. ఆ దిగులు ఎవరితో చెప్పుకోను? అమ్మతోనా?

పుస్తకాలతో చెప్పుకున్నాను. అమలాపురం గడియారస్తంభం దగ్గర సందులో ఒక అద్దె పుస్తకాల కొట్టుండేది. కొట్టాయన్ని అందరం బాబాయిగారూ అనేవాళ్ళం. అక్కడ అచ్చు నవలలతో పాటు కుట్టిన సీరియళ్ళు కూడా ఉండేవి. మీకు గుర్తుందో లేదో, వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అన్నీ పోగయ్యాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవారు. మధ్యలో ఏ చుట్టాలో వచ్చి పత్రిక పట్టుకుపోతే ఆ వారం కథ గల్లంతే. ఇంకోటి, చదివిన ప్రతివాళ్ళూ మార్జిన్లో తమ తీర్పు రాసేవారు. "సూపర్." "హీరో ఒట్టి సన్నాసి." "ఈ పేజీ చదవకండి, బోరు." నేనూ రాసేదాన్ని, అబద్ధమెందుకు. "ఈ హీరోయిన్‌కి బుర్ర లేదు" అని కనీసం పదిహేను పుస్తకాల్లో నా చేతిరాత ఉంటుంది.

అలాంటి కుట్టిన సీరియల్ ఒకటి నా చేతికొచ్చింది. అట్టా లేదు, మొదటి వారమూ లేదు. కాబట్టి పేరేమిటో, రాసిందెవరో ఈ రోజుకీ నాకు తెలియదు. అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ రైల్వే స్టేషనున్న ఊళ్ళో బట్టలు కుడుతుంది. ఇంకొకావిడ అక్కడికి బదిలీ మీద వచ్చిన టీచరు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. స్నేహం అని దాటేయలేదు రాసినవారు, ప్రేమ అనే రాశారు. ఒక ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంట్లో రెండు మంచాలు. టీచరు ఒకరోజు ఏడుస్తూ చెప్పేస్తుంది: నాకు నువ్వు కావాలి, కానీ శరీరంతో చేసే ఆ పని మాత్రం నాకు ఎవరితోనూ వద్దు, నీతో కూడా వద్దు అని. రెండో ఆవిడ మిషను ఆపి, సూదిలో దారం ఊడిపోయింది, కాస్త ఎక్కించి పెట్టు, నా కళ్ళు ఆనడం లేదు అంటుంది. ఈవిడ ఎక్కించి పెడుతుంది. అంతే ఆ సీను. తర్వాత పేజీలో వాళ్ళు వంకాయ కూర గురించి దెబ్బలాడుకుంటారు.

నేను బస్సులో చదువుతున్నాను. మా స్టాపు దాటి రెండు ఊళ్ళు వెళ్ళిపోయాను.

ఆ పేజీ మార్జిన్లో ఎవరో నీలం సిరాతో "ఛీ" అని రాశారు. దాని కింద ఇంకెవరో ఆకుపచ్చ సిరాతో, "ఛీ ఎందుకు? నేనూ ఇంతే" అని రాశారు. ఈ అమలాపురంలో, ఈ కొట్టులోనే పుస్తకం తీసుకున్న మనిషి! ఆకుపచ్చ సిరాతో రాసేది గెజిటెడ్ ఆఫీసర్లే కదా అని, కొన్నాళ్ళు కనబడిన ప్రతి ఆఫీసరమ్మ వైపూ అనుమానంగా చూశాను. ఎవరో ఎప్పటికీ తెలియలేదు. ఉన్నారని తెలియడమే చాలు.

పుస్తకం చివర కూడా తెగిపోయింది. మామూలుగా అయితే చివరి పేజీలు లేని పుస్తకం అంటగట్టినందుకు బాబాయిగారితో కొట్టు అదిరిపోయేలా దెబ్బలాడేదాన్ని. ఈసారి మాత్రం హమ్మయ్య అనుకున్నాను. ఉంటే ఆ ఇద్దర్లో ఒకరికి జబ్బు చేసి ఉండేది, లేదా ఎవరో బావగారు వచ్చి తాళి కట్టేసి ఉండేవాడు. నా వరకు వాళ్ళింకా వంకాయ కూర గురించి దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. ఆ పుస్తకం నేను తిరిగి ఇవ్వలేదు. బస్సులో పోయిందని అబద్ధమాడి, బదులుగా మా ఇంట్లో నవలలు రెండు ఇచ్చాను.

ఇక నేను మనసిచ్చిన మనిషి సంగతి. ఆమెది ఐ.పోలవరం వైపు, వేట మీద బతికే కుటుంబం. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. చెల్లెలి పెళ్ళికార్డు ప్రూఫు చూడ్డానికి మా ప్రెస్సుకొచ్చి, నేను కొట్టిన దాంట్లో మూడు తప్పులు పట్టింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. "అయితే మీరే కూర్చుని కొట్టుకోండి" అన్నాను. "ఆయ్, జరగండి" అని నిజంగానే వచ్చి కూర్చుంది! మర్నాడు మళ్ళీ వచ్చింది, కార్డు పని లేకపోయినా. ఆ తర్వాత ఆదివారాలు నేనే ఆమె అద్దెగదికి వెళ్ళేదాన్ని. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు తెప్పించి పెట్టేది. మూడు నెలలకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆరు నెలలకి, కొబ్బరి పచ్చడి వడ్డిస్తూ, "నాకు ఆడవాళ్ళంటేనే ఇష్టం. అందులో నువ్వంటే మరీను. ఇక నువ్వు నన్ను తిట్టుకున్నా సరే" అంది. తిట్టడమా? నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నాకూనే" అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను ఆమె భుజానికి ఆనుకుని పడుకుని ఉన్నాను. ఆమె నా మెడ మీద ముద్దు పెట్టుకుని, చెయ్యి కిందికి జరిపింది. నేను కర్రలా బిగుసుకుపోయాను. అసహ్యం కాదు, ఒట్టు. ఊరికే, నాది కాని చొక్కా ఎవరో నాకు తొడుగుతున్నట్టుంది. ఆమె వెంటనే చెయ్యి తీసేసింది. నేను కారణం చెప్పలేకపోయాను. పైకి లేచి, "బస్సుకి టైమైంది" అన్నాను. మరుసటి ఆదివారం వెళ్తే, "రండి, కూర్చోండి, కాఫీ తాగుతారా?" అంది. 'నువ్వు' పోయి మళ్ళీ 'మీరు' వచ్చింది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

సరిగ్గా ఆ తర్వాత వారమే మా ఇంట్లో పెళ్ళిచూపులు. జొన్నాడ సంబంధం. అబ్బాయి మంచివాడే, నా మీద ఒట్టు, వంక పెట్టడానికి ఏమీ లేదు. మాట్లాడిందంతా వాళ్ళ మేనత్తగారు. నేను చాప మీద కూర్చున్నాను గానీ నా బుర్రలో ఆ "రండి, కూర్చోండి" ఒకటే తిరుగుతోంది. ఆమె నన్ను వదిలేస్తుందా, నేనేం చెప్తే ఆగుతుంది, చెప్తే మాత్రం ఆగుతుందా అని. ఇటు మేనత్తగారి ధోరణి సాగుతోంది.

"మాకు జొన్నాడలో కొబ్బరి తోటుందమ్మా."

"ఆయ్."

"మావాడు రావులపాలెంలో ఎరువుల కొట్టు పెట్టేడు. నెమ్మదస్తుడు."

"ఆయ్."

"ఉద్యోగం మానెయ్యాలి మరి, అలవాటైపోతాదిలే."

"ఆయ్."

"అయితే మావాడు నచ్చేడామ్మా?"

"ఆయ్."

అనేశాను! అన్నాక గాని నాకే వినబడలేదు నేను ఏమన్నానో. తలెత్తి చూస్తే అమ్మ కళ్ళలో నీళ్ళు, సంతోషంతో. వాడపల్లి వెంకన్నకి మొక్కుకుందట, ఏడు శనివారాలు వస్తానని. నాన్న మేనత్తగారికి రెండో గ్లాసు కాఫీ తెమ్మంటున్నారు. శుక్రవారం తాంబూలాలు అని అక్కడికక్కడే అనేసుకున్నారు. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సోమవారం ప్రెస్సుకి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందు బస్సులో వచ్చేసింది. "మోడల్ చూసుకో అమ్మాయ్, నీ కార్డుకి మంచి బంగారు రంగు వేద్దాం" అని ఓనరుగారు ఆల్బమ్ నా ముందు పెట్టారు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. అప్పుడు అర్థమైంది, ఈ పెళ్ళి తప్పించుకోవడం ఒక్కటే కాదు. తప్పించుకుని ఎక్కడికి వెళ్తాను? వెళ్ళాలనుకున్న చోటే నాకు 'మీరు' అయిపోయింది. శుక్రవారం లోపల ఆమెకి నిజం చెప్పాలి. చెప్పాక ఆమె ఉంటుందో పోతుందో నాకు తెలియదు.

నోటితో కాదు, పుస్తకంతో చెప్దామనుకున్నాను. మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి, న్యూస్‌పేపర్లో చుట్టిన ఆ పుస్తకం ఇచ్చాను.

"తాంబూలాలంటగా. శుభమండి" అంది, నా ముఖం చూడకుండా.

"మడత పెట్టిన పేజీ చదవండి. చదివేక మాట్లాడండి" అన్నాను. నేనూ 'అండి' అన్నాను, ఉక్రోషం కొద్దీ.

బుధవారం రాలేదు. గురువారం మధ్యాహ్నం వచ్చి, కౌంటరు మీద పుస్తకం పెట్టి, ఓనరుగారున్నారని కాబోలు, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మడత పెట్టిన పేజీ తీశాను. నీలం సిరా "ఛీ", ఆకుపచ్చ సిరా "నేనూ ఇంతే", దాని కింద ఆసుపత్రి ఛార్టులు రాసే ఎర్రపెన్నుతో ఒక్క మాట.

"ఆయ్."

అయ్యో రామా! ఆయ్ అని ఎవరైనా రాస్తారా? అది నోటి మాట. నోటితో అంటేనే ఏ ఆయో తెలియక నేను పీకల్లోతు ఇరుక్కున్నాను, కాగితం మీద రాస్తే ఎలా తెలుస్తుంది? చదివాను అనా, ఒప్పుకున్నాను అనా? నువ్వు చెప్పింది వినబడింది, ఇక సెలవు అనా? ఒకరి శుభలేఖ సగంలో వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. కాలవ గట్టు మీద అందింది.

"ఏ ఆయ్ అది?" అని అరిచాను.

"ఏటీ?"

"విన్నాననా, ఒప్పుకున్నాననా? సరిగ్గా చెప్పు. నాకు ఈ వారం ఆయ్‌ల తోటి చచ్చే చావుగా ఉంది!"

ఆమె నా ఒట్టికాళ్ళ వైపు చూసి, "చెప్పులేవి? కాళ్ళు కాలడం లేదూ?" అంది. తర్వాత గట్టు పక్కన నీడలోకి లాగి, నెమ్మదిగా చెప్పింది. "నేనంటే రోత పుట్టిందనుకున్నాను. అందుకే దూరంగా ఉన్నాను. ఇదని నాకేం తెలుసు? నోరుంది కదా, చెప్పొచ్చు కదా."

"చెప్తే పోతావనుకున్నాను."

"చూడు, నాది నీలాగ కాదు. నాకు అదీ ఇష్టమే. లేదంటే అబద్ధం. అప్పుడప్పుడు కష్టంగా కూడా ఉంటాది, ఉన్నప్పుడు చెప్తాను, నువ్వు కంగారుపడకు. కానీ నాకు నువ్వు కావాలి. అది లేకపోయినా నువ్వు కావాలి. రెండు రోజులు ఆలోచించే రాసేను." మళ్ళీ తనే, "ఒప్పుకున్నానని" అంది.

హమ్మయ్య అనే మాట ఎందుకు పుట్టిందో నాకు ఆ రోజు తెలిసింది. గట్టు మీద ఎవరెవరో పోతున్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. "ఎవరో పోయేరనుకుంటారు, ఊరుకో" అని ఆమె నవ్వుతూనే తనూ కళ్ళు తుడుచుకుంది.

ఆ ధైర్యం చల్లారకముందే సాయంత్రం బస్సు దిగి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ తాంబూలాలకి కొబ్బరి కోరుతోంది.

"అమ్మా, నేనీ పెళ్ళి చేసుకోను."

"అదేంటే? ఆయ్ అన్నావు కదే! నా చెవులారా విన్నాను."

"విన్నానని అన్నానమ్మా. ఒప్పుకున్నానని కాదు."

అమ్మ కోరుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఎవరైనా ఉన్నారేంటే?"

"ఉన్నారు."

"ఎవరబ్బాయి?"

"అబ్బాయి కాదమ్మా."

ఎప్పుడూ నోరు మూతపడని మా అమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, ఏడవలేదు, కనీసం ఊఁ కూడా అనలేదు. చిప్పలో కొబ్బరి అయిపోయినా కోరుతూనే ఉంది. నేనే ఆ చిప్ప చేతిలోంచి తీసుకున్నాను.

నాన్నతో అమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే ఆయన జొన్నాడ వెళ్ళారు. మేనత్తగారి ముందు నిలబడి, చెమటలు తుడుచుకుంటూ, "అమ్మాయి విన్నానని ఆయ్ అందటండి. ఒప్పుకున్నానని కాదటండి. మేమే పొరపాటు పడ్డామండి" అన్నారట. ఇంకే జిల్లాలోనైనా తన్ని తరిమేవారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆయ్, నిజమేనండి. ఏ ఆయో నేనే ఇంకోసారి అడగాల్సిందండి" అని, కాఫీ ఇచ్చి పంపించారట. ఆ మేనత్తగారికి ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

కొన్నాళ్ళకి ఆమెకి రాజోలులో ఉద్యోగం దొరికింది. నేనూ అక్కడే చిన్న డీటీపీ సెంటరు పెట్టుకున్నాను. అమలాపురం వదిలి వెళ్ళే ముందు బాబాయిగారి కొట్టుకి వెళ్ళి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. "దొరికిందాండి?" అన్నారు ఆశ్చర్యంగా. "దొరికిందండి" అన్నాను. ఇంకెవరైనా స్టాపు దాటి వెళ్ళిపోవాలి కదా.

మా సెంటరు పక్కనే ఇంటర్నెట్ షాపు వచ్చాక, అక్కడ ఒకరోజు, ఒంట్లో ఏమీ పుట్టని నా సంగతికి ఎసెక్సువల్ అనే పేరుందని చదివాను. ఎసెక్సువల్ అయి ఉండి లెస్బియన్ కూడా అయి ఉండొచ్చని రాశారు. ఓహో, నా గురించి వీళ్ళకి ఇప్పుడు తెలిసిందన్నమాట అనుకున్నాను. అయినా ప్రింటు తీసి, పరుగున ఇంటికి పట్టుకెళ్ళి ఆమెకి చూపించాను. పేరుండడం మంచిదే. రేషన్ కార్డులో పేరెక్కినంత నిశ్చింత.

అమ్మ ఏడేళ్ళపాటు మా ఇంటికి రాలేదు. నేనే వెళ్ళేదాన్ని. ఆరోగ్యం అడిగేది, పచ్చళ్ళు కట్టేది, ఆమె ఊసు ఎత్తేది కాదు. నేనెత్తితే పెరట్లోకి వెళ్ళిపోయేది. ఏడో ఏడు ఎండాకాలంలో, చెప్పాపెట్టకుండా రాజోలు బస్సు దిగింది. ఇల్లంతా కలయజూసింది. గదిలో రెండు మంచాలు చూసింది. వాటిని కలిపి పరిచిన ఒకే దుప్పటి చూసింది. ఆమె డ్యూటీ నుంచి వచ్చి, "ఎప్పుడొచ్చేరండీ, భోంచేసేరా?" అంటే తలూపింది.

సాయంత్రం అమ్మ తన సంచిలోంచి కొత్త దోమతెర తీసింది. ఒక్కటే. పెద్దది. "రాజోలు దోమలకి పెట్టింది పేరు" అంటూ మంచమెక్కి మేకుకి తాడు కట్టడం మొదలుపెట్టింది. రెండు మంచాలకీ కలిపి. నేను ఒక కొస పట్టుకున్నాను, ఆమె ఒక కొస పట్టుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది.

"అమ్మా, మేమిద్దరం ఇలాగే ఉంటాం. ఎప్పటికీ."

అమ్మ ముడి వేస్తూనే, నా వైపు తిరగకుండా, "ఆయ్" అంది.

మా వైపు కన్నతల్లి కూతురితో ఆయ్ అనదు. అది పెద్దవాళ్ళతో అనే మాట, గౌరవం ఇచ్చి అనే మాట. అయినా నాకు నోరు ఊరుకోదు కదా.

"ఏ ఆయ్ అమ్మా?"

అమ్మ మంచం దిగి, దోమతెర అంచు పరుపు కిందికి దోపుతూ చెప్పింది. "ఆ రోజు కొబ్బరి కోరుతా విన్నాను కదే. ఇది రెండోది."

హమ్మయ్య అని పైకే అనేశానట. వాళ్ళిద్దరూ ఒకేసారి నవ్వారు.